గొర్రెపిల్ల ‘ఇంకా కాదు’ అంటే

మన ఇళ్ళలో ఒక వాదన తరచూ వినిపిస్తుంది. తెలిసినవాళ్ళ అమ్మాయి ఐదో తరగతిలోనే పెద్దమనిషి అయిందని తెలియగానే ఎవరో ఒకరు అంటారు: "అంతా ఆ బ్రాయిలర్ కోడి మహిమ. హార్మోన్లు ఎక్కించి పెంచుతారు కదా!" నిజానికి బ్రాయిలర్ కోళ్ళకి హార్మోన్లు ఎక్కించరు. అవసరమూ లేదు, గిట్టుబాటూ కాదు. ఎదుగుదల హార్మోన్‌ని మేతలో కలిపితే కోడి దాన్ని మిగతా మాంసకృత్తుల్లాగే అరిగించుకుంటుంది. పనిచేయాలంటే ఒక్కో కోడికీ మళ్ళీ మళ్ళీ సూది వేయాలి. షెడ్డులో వేలల్లో ఉంటాయవి. ఆరు వారాల్లో అంత బరువు రావడానికి కారణం దశాబ్దాల తరబడి ఏరి పెంచిన జాతులు, లెక్కకట్టి పెట్టే దాణా. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట మాత్రం పోదు. పోకపోవడానికి కారణం సైన్సు తెలియకపోవడం ఒక్కటే కాదనిపిస్తుంది నాకు. ఒక శరీరం తన వేళకి తాను పండాలి, బయటినుంచి ఎవరో ఆ వేళని ముందుకి లాగితే తప్పు అనే బలమైన భావం ఏదో మనలో ఉంది. కోడి విషయంలో దాని గురి తప్పింది, అంతే.

ఆ భావానికి సరైన గురి వేరే ఉంది: గొర్రె. అక్కడ జరిగేది పుకారు కాదు. పశువైద్య పాఠ్యపుస్తకాల్లో ఉన్న పద్ధతి, సీసా మీద డోసు రాసి అమ్మే మందు. ఇంకా ఎదకు రాని ఆడ గొర్రెపిల్లని హార్మోన్లిచ్చి ఎదకు తెప్పించడం.

ఎందుకు తెప్పిస్తారంటే లెక్క తేలిక. చల్లటి దేశాల్లో గొర్రెలు ఏడాదికి ఒక్క కాలంలోనే, శరదృతువులో, ఎదకొస్తాయి. చూలు ఐదు నెలలు, కాబట్టి వసంతంలో ఈనుతాయి. ఈ వసంతంలో పుట్టిన ఆడపిల్ల ఈ శరత్తులోనే చూడి కడితే ఏడాది వయసులో మొదటి ఈత. కట్టకపోతే మళ్ళీ శరత్తు దాకా ఆగాలి, అంటే రెండేళ్ళకి మొదటి ఈత. మధ్యలో ఆ ఏడాదంతా అది గడ్డి తింటుంది, ఉన్ని ఇస్తుంది, పిల్లని మాత్రం ఇవ్వదు. రైతు పుస్తకంలో అదొక ఖాళీ గడి. ఆ గడిని నింపడానికి ఎన్ని దారులున్నాయో, ఆ దారులన్నీ నైతికంగా ఒకటేనా అన్నదే నా ప్రశ్న.

ముందు ఆ ఖాళీ ఏమిటో చూడాలి. మామూలుగా మనం చిన్నతనం అంటే ఒక లోటు అనుకుంటాం. ఇంకా ఏదో తయారవలేదు, ఏదో భాగం రాలేదు, అందుకే పని మొదలవలేదు అని. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ ఫాస్టర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆడ గొర్రెపిల్లల మీద దశాబ్దాల పాటు చేసిన పని ఈ ఊహని తలకిందులు చేసింది. 1984లో అచ్చయిన వాళ్ళ ప్రయోగం ఒకటి చూడండి. ఇంకా ఈడేరని గొర్రెపిల్లకి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని గంటకోసారి కొంచెం కొంచెంగా ఇచ్చారు. పెద్ద గొర్రెలో అండం విడుదలకి ముందు ఆ హార్మోన్ సరిగ్గా అలాగే తెరలు తెరలుగా వస్తుంది. అలా ఇస్తే ఆ పిల్లలో అండాశయం మేలుకుంది, ఈస్ట్రోజెన్ తయారుచేసింది, చివరికి అండం విడుదలైంది. అంటే అండాశయం ఎప్పుడో సిద్ధం. పిట్యూటరీ సిద్ధం. మొత్తం యంత్రాంగం బిగించి పెట్టి ఉంది. పైనుంచి ఎవరో ‘ఆగు’ అంటున్నారు.

ఆ అనేది మెదడు. చిన్నపిల్లలో అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అతి కొద్దిగా ఉన్నా సరే, మెదడు దాన్ని పట్టుకుని ఎల్‌హెచ్ తెరల్ని నొక్కేస్తుంది. ఫాస్టర్ బృందం చేసిన ఇంకో ప్రయోగం నాకు మరీ నచ్చుతుంది. గొర్రెపిల్లల అండాశయాలు తీసేసి, చర్మం కింద ఎప్పుడూ ఒకే మోతాదులో ఈస్ట్రోజెన్ విడుదల చేసే చిన్న గొట్టం పెట్టారు. వారాలు గడిచాయి. మోతాదు మారలేదు. ఎల్‌హెచ్ అడుగునే ఉంది. తోటిపిల్లలు ఎదకొచ్చే వయసు దగ్గర పడగానే, బయట ఏమీ మారకుండానే, ఎల్‌హెచ్ పైకి లేచింది. నిన్నటిదాకా ఏ మోతాదుకి ‘వద్దు’ అందో, ఇవాళ అదే మోతాదుకి ఆ మెదడు ‘సరే’ అంది.

మా వృత్తిలో ఫీచర్ ఫ్లాగ్ అని ఒకటుంది. కోడ్ అంతా రాసి, పరీక్షించి, సర్వర్‌లోకి ఎక్కించేస్తాం. కానీ వాడేవాళ్ళకి కనబడదు. ఒక చిన్న మీట ‘ఆఫ్’లో ఉంటుంది. సర్వర్లు తట్టుకుంటాయా, సపోర్టు టీమ్ తయారుగా ఉందా, పండగ అమ్మకాల వారం దాటిందా, ఇవన్నీ చూసుకుని ఎవరో ఆ మీట నొక్కుతారు. బయటినుంచి చూసేవాడికి ‘ఫీచర్ ఇంకా రాలేదు’. లోపలున్నవాడికి తెలుసు, రాకపోవడం వేరు, ఆపి ఉంచడం వేరు. గొర్రెపిల్ల బాల్యం రెండో రకం. ఆ పోలిక నాకు బాగా పనికొచ్చింది, ఒక్క చోట తప్ప. మా మీట నొక్కేది మేనేజరు. గొర్రెపిల్ల మీట దాని సొంతం.

ఆ మీట నొక్కే ముందు అది ఏమేం చూసుకుంటుంది? ప్రధానంగా రెండు. ఒకటి తన ఒళ్ళు. పెద్దయ్యాక ఉండాల్సిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు వచ్చిందా లేదా. మేత తగ్గించి బక్కగా ఉంచిన పిల్లలు వయసు మీద పడినా ఈడేరవు. వాటికే మళ్ళీ కడుపునిండా మేత పెడితే రోజుల్లోనే ఎల్‌హెచ్ తెరలు మొదలవుతాయి. రెండోది ఆకాశం. వసంతంలో పుట్టిన పిల్ల సుమారు ముప్పై వారాలకి, శరత్తులో, ఎదకొస్తుంది. అదే శరత్తులో పుట్టిన పిల్లకి ముప్పై వారాలు నిండేసరికి వసంతం చివర అవుతుంది. బరువుంటుంది, వయసుంటుంది, అయినా ఆగుతుంది. వచ్చే శరత్తు దాకా. ఇప్పుడు చూడి కడితే చలికాలం ముంగిట ఈనాలి, గడ్డి ఉండదు. పైగా దానికి పొట్టి పగళ్ళు మాత్రమే కనిపిస్తే చాలదు. ముందు పొడుగు పగళ్ళు చూసి ఉండాలి, తర్వాత అవి పొట్టివి కావాలి. అంటే ఎండాకాలం ఒకటి గడిచింది అన్న జ్ఞాపకం ఉండాలి. ఏడెనిమిది నెలల జీవి, కాలెండరు లేకుండా, మెదడులో పీనియల్ గ్రంథి రాత్రిపూట విడుదల చేసే మెలటోనిన్‌తో చీకటి పొడవుని కొలిచి ఈ లెక్క కడుతుంది.

(మన గొర్రెలకి ఈ ఆకాశం గొడవ అంతగా లేదు. ఫాస్టర్ గొర్రెలున్న యాన్ ఆర్బర్‌లో ఏడాదిలో అతి పొడుగు పగలుకీ అతి పొట్టి పగలుకీ తేడా ఆరు గంటలు. హైదరాబాద్‌లో రెండు గంటల పైచిలుకు. నెల్లూరు గొర్రెకైనా దక్కని గొర్రెకైనా ఎదని శాసించేది వాన, మేత. కాబట్టి ఈ వ్యాసంలో కథ ఎక్కువగా సమశీతోష్ణ దేశాలదే.)

ఇప్పుడు దారుల సంగతి. నా లెక్కలో మూడు ఉన్నాయి.

మొదటిది, కారణం ఇవ్వడం. పిల్లకి బాగా మేత పెడతారు. న్యూజీలాండ్‌లో ఏడాది వయసు ఈతకి వెళ్ళాలనుకునే రైతులు ముందు చూసేది తూకం. నిర్ణీత బరువు రాని పిల్లని పొట్టేలు దగ్గరికి పంపరు. దానికి తోడు, శస్త్రచికిత్సతో వీర్యం రాకుండా చేసిన పొట్టేలుని కొన్ని వారాల ముందే మందలో వదులుతారు. దాని వాసన, దాని తిరుగుడు ఆడపిల్లల మెదడుని కదిలిస్తాయి, అంచుకి వచ్చి ఉన్నవి గబుక్కున ఎదకొస్తాయి. ఇది కూడా తొందర పెట్టడమే. కానీ గొర్రెపిల్ల ఏ ప్రశ్నలు వేసుకుంటుందో వాటికి నిజమైన జవాబులే ఇస్తున్నాం. తిండి ఉందా? ఉంది. మగతోడు ఉందా? ఉంది (కొంచెం మోసం ఉందనుకోండి, పాపం ఆ పొట్టేలు సంగతి తెలిసినవాళ్ళకి). జవాబులు విన్నాక కూడా ఏ పిల్లకైనా వీలు కాదనిపిస్తే, అది ఎదకు రాదు. మనమేం చేయలేం.

రెండోది, అబద్ధం చెప్పడం. చెవి మొదట్లో చర్మం కింద 18 మిల్లీగ్రాముల మెలటోనిన్ బిళ్ళ పెడతారు. అది వారాల తరబడి కరుగుతూ ఉంటుంది. ఒంట్లో రాత్రీ పగలూ మెలటోనిన్ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి బయట ఎండాకాలమే అయినా మెదడుకి మాత్రం రాత్రులు పొడుగయ్యాయన్న కబురు చేరుతుంది. పొడుగు పగళ్ళు చూసిన పిల్లకి సరైన వేళలో పెడితే కొన్ని వారాల ముందే ఎదకొస్తుంది. ఆస్ట్రేలియాలో, యూరప్‌లో పెద్ద గొర్రెల్లో ఇది మామూలుగా వాడే సరుకు.

శరీరానికి అబద్ధం చెప్పడం అనే మాటకి అసలు అర్థం ఉందా? గొర్రెకి ‘ఇది శరత్తు’ అన్న నమ్మకం ఏదీ ఉండకపోవచ్చు. ఉన్నదల్లా ఒక గ్రంథి, ఒక రసాయనం, కొన్ని కణాలు. అబద్ధం అనాలంటే వినేవాడికి ఒక మనసుండాలి అని తత్వశాస్త్రం చదువుకున్న మిత్రుడొకడు వాదించాడు. నేనలా అనుకోను. మెలటోనిన్ ఆ జీవికి సమాచారంగా పనికొచ్చేది ఎందుకంటే, లక్షల ఏళ్ళుగా అది చీకటి గురించి నిజమే చెబుతూ వచ్చింది కాబట్టి. ఆ నమ్మకస్తుడి గొంతుతో మనం మాట్లాడుతున్నాం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది అని సామెత. ఇక్కడ కసాయివాణ్ణి కూడా కాదు, అది తన చీకటినే నమ్ముతోంది.

అయినా ఈ అబద్ధంలో ఒక మర్యాద మిగిలి ఉంది. బిళ్ళ ఆకాశం గురించే అబద్ధం చెబుతుంది, ఒంటి గురించి చెప్పదు. బక్క పిల్లకి చీకటి ఎంత పెరిగినా ఒరిగేదేం లేదు. తూకం చూసుకునే హక్కు ఇంకా దానిదే. ‘ఇంకా కాదు’ అనడానికి ఒక సందు ఉంది.

మూడోది, సంతకం ఫోర్జరీ చేయడం. 1960ల్లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో రాబిన్సన్ అనే ఆయన మందలన్నీ ఒకేసారి ఎదకొచ్చేలా చేయడానికి ఒక స్పాంజి తయారుచేశాడు. ప్రొజెస్టెరోన్ లాంటి మందులో తడిపిన చిన్న స్పాంజిని యోనిలో పెట్టి, పన్నెండు, పద్నాలుగు రోజుల తర్వాత దారం పట్టి లాగేస్తారు. లాగిన రోజునే ఈసీజీ అనే హార్మోన్ ఒక సూది వేస్తారు. (గుండె పరీక్ష కాదు, గుర్రం నుంచి తీసే గొనడోట్రోపిన్.) రెండ్రోజుల్లో ఎద. పెద్ద గొర్రెల కోసం పుట్టిన ఈ పద్ధతిని ఈడేరని పిల్లల మీద కూడా ప్రయత్నించారు. అండం వస్తుంది కూడా. ఎందుకొస్తుందంటే ఈసీజీ నేరుగా అండాశయంతోనే మాట్లాడుతుంది. మెదడుని అడగదు. బరువెంత, కాలమేంటి, ఈ ప్రశ్నలేవీ తలెత్తవు. ప్రశ్నలడిగే అధికారి టేబుల్ పక్కనుంచి ఫైలు దాటిపోయి, కింద గుమాస్తా దగ్గరికి సంతకంతో సహా చేరిపోయింది.

మూడింటికీ తేడా ఇదని నా వాదన. ఒకదాంట్లో అడుగుతున్నాం, ఒకదాంట్లో మోసం చేసి అడుగుతున్నాం, ఒకదాంట్లో అడగడమే లేదు. సహజం, అసహజం అన్న గీత నాకు పనికిరాలేదు. మామిడికాయల్ని చూడండి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలో నిషిద్ధం, ఎథిలీన్ వాయువుతో మగ్గబెట్టడానికి అనుమతి ఉంది. రెండూ కృత్రిమమే. కార్బైడ్‌ని తప్పు పట్టేది అందులో ఉండే ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాల వల్ల, తినేవాడికి హాని కాబట్టి. మామిడికాయకి ఏమవుతుందని ఎవరూ అడగరు, అడగక్కర్లేదు కూడా. గొర్రెపిల్ల దగ్గరికొచ్చేసరికి మన అలవాటు ప్రశ్న అదే: ఆ మాంసం తింటే మనకేమైనా అవుతుందా? ఏమీ కాదు, మందు ఒంట్లోంచి పోయే గడువు లెక్కలు ఉంటాయి. బ్రాయిలర్ కోడి మీద మన కోపం కూడా ఆఖరికి మన అమ్మాయి గురించే, కోడి గురించి కాదు. పండుకీ పిల్లకీ తేడా ఏంటంటే, పండటంతో మామిడికాయ పని అయిపోయింది. గొర్రెపిల్లకి అప్పుడే మొదలైంది. తర్వాత ఐదు నెలలు మోయాలి, ఈనాలి, పాలివ్వాలి, ఇదంతా చేస్తూ తను కూడా ఎదగాలి.

చిన్న వయసులో చూడి కట్టిన గొర్రెలకి ఈత కష్టమవడం ఎక్కువ. పిల్లలు చిన్నవిగా పుడతాయి, చనిపోయేవి ఎక్కువ. కొన్ని తల్లులు పుట్టిన పిల్లని గుర్తుపట్టనట్టు పక్కకి తప్పుకుంటాయి. ఇవి హార్మోన్ల వల్లే వచ్చిన చిక్కులు కావు. మేత పెట్టి తెప్పించిన ఎదలో కూడా కొంత ఉంటాయి. కానీ అక్కడ ఆ పిల్ల తన తూకం తాను చూసుకుని దిగింది. ఇక్కడ తూకం చూడకుండా దింపాం. రైతు చూశాడు కదా అంటారేమో. మంచి రైతు చూస్తాడు. అయితే మంచి రైతు చూసి, బరువున్న పిల్లనే ఎంచుకుంటే, దానికి సూది అవసరం చాలావరకు ఉండదు. సూది నిజంగా తేడా చూపించేది ఇంకా సిద్ధంగా లేని పిల్లలోనే. ఈ మెలిక నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ మందు ఎక్కడ ఎక్కువ ‘ఉపయోగమో’, సరిగ్గా అక్కడే దాన్ని వాడకూడదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, బలమైనవే. నువ్వు మటన్ తింటావా తినవా అన్నది మొదటిది. తింటాను. ఆదివారం పూట హైదరాబాద్‌లో మటన్ కొట్టు ముందు వరుసలో నిలబడే వాళ్ళలో నేనొకణ్ణి. ఎలాగూ చంపి తినే జీవి ఎప్పుడు ఎదకొచ్చిందన్న చింత ఎందుకు అనడం గడుసుగా వినిపిస్తుంది గానీ, నాకు అది వాదనలా తోచదు. చావు ఎలాగూ ఉంది కాబట్టి బతుకు ఎలా ఉన్నా ఫర్వాలేదు అనే సూత్రం మన మీదే ఎవరైనా ప్రయోగిస్తే ఒప్పుకోం. కాటమరాజు కథ చెప్పుకునే గొల్లల ఇళ్ళలోనూ పొట్టేలుని కోస్తారు, జీవాలకి రోగమొస్తే నిద్రమానతారు. ఆ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయని వాళ్ళనెవరూ అడగరు.

రెండోది కొత్త వాదన, వాతావరణం పేరుతో వస్తుంది. పిల్లనివ్వని గొర్రె ఆ ఏడాదంతా గడ్డి తిని మీథేన్ వదులుతుంది. ఏడాదికే ఈనితే కిలో మాంసానికి మీథేన్ తగ్గుతుంది. లెక్క తప్పేం కాదు. కానీ ఈ లెక్క ఎక్కడ ఆగుతుంది? గొర్రె బతుకులో పిల్ల పుట్టని ప్రతి నెలా వృథాయే అవుతుంది. దాని బాల్యం మొత్తం వృథాయే. భూమిని కాపాడే పని మనం తినే ముక్కల సంఖ్యతో మొదలుపెట్టొచ్చు, ఏడు నెలల పిల్ల గర్భంతో మొదలుపెట్టాలా?

మూడోది నాకు నిజంగా ఇబ్బంది పెట్టేది. అమెరికాలో బెర్నార్డ్ రోలిన్ అనే తత్వవేత్త ఉండేవాడు. పశువైద్య విద్యార్థులకి నీతిశాస్త్రం చెప్పినవాడు. ప్రతి జంతువుకీ దాని జాతికి తగిన ఒక స్వభావం ఉంటుంది, దానికి అడ్డుపడటమే హాని అన్నాడు. అంతవరకు నాకు అనుకూలమే. కానీ ఆయనే ఇంకో మాటన్నాడు: ఆ స్వభావాన్నే జన్యుపరంగా మార్చేస్తే, మారిన జంతువు బాధపడకపోతే, అందులో తప్పు లేదు. అంటే సూది వద్దు, ఐదు నెలలకే ఎదకొచ్చే జాతిని తయారుచేసుకోండి, అప్పుడు ఆ మెదడే ‘సరే’ అంటుంది. ఎవరి సంతకాన్నీ ఫోర్జరీ చేయలేదు, సంతకం పెట్టే మనిషినే మార్చాం! మహారాష్ట్రలోని ఫల్టన్‌లో నింబ్కర్ సంస్థ బెంగాల్ గరోల్ గొర్రెల్లోని కవలల జన్యువుని మన దక్కని గొర్రెల్లోకి సంకరంతో తెచ్చింది. అది ఈడు గురించి కాదు, ఈతకి ఎన్ని పిల్లలన్న దాని గురించి. అయినా తర్కం అదే. దాన్ని తప్పనగలనా? అనలేను. రెండు పిల్లల్ని మోసే గొర్రె ఒళ్ళు, పాలు కూడా ఆ మేరకు సరిపోతే అది మారిన గొర్రె, అంతే. సరిపోకపోతే మనం సూదిని తరాల వెనక్కి జరిపి దాచాం. రోలిన్ చెప్పిన ‘బాధపడకపోతే’ అన్న షరతు కాగితం మీద తేలిక. బయట దొడ్లో దాన్ని కొలిచేవాడు ఎవడన్నదే అసలు సంగతి.

ఇక మందు పుట్టుక. ఈసీజీ కథ 1930లో కాలిఫోర్నియాలో మొదలైంది. హారల్డ్ కోల్, జార్జ్ హార్ట్ అనే ఇద్దరు చూడి గుర్రాల రక్తం నుంచి సీరం తీసి, ఇంకా ఈడేరని ఎలకలకి ఎక్కించారు. ఎలకలు ఈడేరాయి. అంటే ఈ పదార్థం లోకానికి తెలియడమే, సిద్ధంగా లేని ఆడపిల్లని సిద్ధం చేసే మందుగా తెలిసింది. గుర్రంలో దాని పని మాత్రం వేరు. గర్భంలో ఉన్న పిల్ల తాలూకు కొన్ని కణాలు తల్లి గర్భాశయపు గోడలోకి దిగి, నలభయ్యో రోజు ప్రాంతం నుంచి కొన్ని వారాల పాటు దీన్ని విడుదల చేస్తాయి. తల్లి అండాశయం దానికి స్పందించి ప్రొజెస్టెరోన్ పెంచుతుంది, గర్భం నిలబడుతుంది. ఒకరకంగా అది గుర్రప్పిల్ల తన తల్లితో ‘నన్ను ఉంచుకో’ అనే మాట. ఆ మాటని తల్లి రక్తంలోంచి తీసి, సీసాలో పోసి, ఇంకో జాతి పిల్లకి ‘నువ్వు తల్లివైపో’ అన్న ఆజ్ఞగా వాడుతున్నాం.

ఆ రక్తం ఇప్పుడు కూడా చూడి గుర్రాల నుంచే వస్తుంది. దక్షిణ అమెరికాలో, ఐస్‌లాండ్‌లో ఇందుకోసం మందలు ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో వారానికోసారి, ఈసారికి లీటర్లలో తీస్తారు. పుట్టిన గుర్రప్పిల్లల్లో ఎక్కువభాగం కబేళాకి పోతాయి, ఎందుకంటే కావలసింది పిల్ల కాదు, చూలు. 2021లో అక్కడి గుర్రాల్ని కర్రలతో కొట్టి, కట్టి రక్తం తీస్తున్న వీడియోలు బయటికొచ్చాక పెద్ద గొడవైంది. అదే ఏడాది అక్టోబర్‌లో యూరోపియన్ పార్లమెంటు ఈ హార్మోన్ తయారీని, దిగుమతిని ఆపాలని తీర్మానం చేసింది. ప్రయోగశాలలో కణాల ద్వారా తయారుచేసిన ఈసీజీ కూడా వచ్చింది. అది గుర్రం సమస్యని తీరుస్తుంది. మంచిదే. గొర్రెపిల్ల సమస్యని మాత్రం తీర్చదు. చెప్పాలంటే ఇంకా చవగ్గా, మచ్చలేకుండా కొనసాగనిస్తుంది.

ఇదంతా రాసి హార్మోన్ మీద ద్వేషం పుట్టిస్తే నాకే నచ్చదు. మెదడు నుంచి పిట్యూటరీకి వెళ్ళే జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ నిర్మాణం 1970ల మొదట్లో తెలిసింది. దాన్ని వెతకడానికి షాలీ పందుల మెదడు ముక్కల్ని, గిల్లెమిన్ గొర్రెల మెదడు ముక్కల్ని కబేళాల నుంచి లక్షల్లో సేకరించారు. 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ హార్మోన్ తెరలు తెరలుగా వస్తే పిట్యూటరీ పనిచేస్తుంది, ఆగకుండా వస్తే మూగబోతుంది. ఈ విషయం వల్లే ఇవాళ ఆరేళ్ళకే ఈడేరడం మొదలైన అమ్మాయికి పిల్లల డాక్టరు నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఆ ప్రక్రియని ఆపగలుగుతున్నాడు. అంటే హార్మోన్ చికిత్స అనే ఒకే మాట కింద రెండు వ్యతిరేకపు పనులు ఉన్నాయి. ఒకటి ఆ పిల్ల ఒళ్ళు సిద్ధపడే దాకా ఆగడానికి సాయం చేస్తుంది, రెండోది ఆగకుండా చేస్తుంది. ఒకదాంట్లో లాభం చికిత్స పొందే పిల్లకి. రెండోదాంట్లో చికిత్స ఒకరికి, లాభం ఇంకొకరికి. హార్మోన్‌ని తిట్టేముందు ఈ చిన్న ప్రశ్న వేసుకుంటే చాలావరకు గీత ఎక్కడ పడాలో తెలుస్తుంది. బ్రాయిలర్ కోడి చర్చల్లో ఎవరూ వేయని ప్రశ్న కూడా ఇదే.

స్పాంజికి బదులు ఇప్పుడు చాలా చోట్ల సీడర్ అనే సిలికోన్ పరికరం వాడుతున్నారు. దాని అమెరికన్ లేబుల్ మీద జాగ్రత్తల్లో ఒక మాట ఉంటుంది: జననాంగాలు పక్వానికి రాని జంతువుల్లో వాడకూడదు. కంపెనీ ఆ మాటని నీతి కోసం రాసి ఉండదు, సన్నటి దారిలో పరికరం తోస్తే గాయమవుతుందని రాసి ఉంటుంది. అయినా పక్వం అన్న మాట అక్కడ అచ్చులో ఉంది, దాన్ని నిర్ణయించే పని మాత్రం చేతిలో పరికరం పట్టుకున్నవాడికి వదిలేశారు.

హార్మోన్లతో ముందే ఎదకు తెప్పించిన పిల్లల్లో ఒక సంగతి తరచూ కనిపిస్తుంది. మొదటి అండం వస్తుంది. దాని వెనక ఏర్పడాల్సిన ప్రొజెస్టెరోన్ గ్రంథి కొన్నిట్లో త్వరగా వాడిపోతుంది. చూడి కట్టేవి పెద్ద గొర్రెల్లో కంటే తక్కువ. కట్టనివాటిలో చాలావాటికి రెండో ఎద రాదు. మందు ప్రభావం తగ్గగానే మెదడు మళ్ళీ పాత మోతాదుకే ‘ఆగు’ అనడం మొదలుపెడుతుంది, ఆ పిల్లలు ఏమీ జరగనట్టు తిరిగి చిన్నపిల్లలైపోతాయి. పరిశోధనా పత్రాల్లో దీన్ని చికిత్స విఫలమైనట్టు నమోదు చేస్తారు. శరత్తు వచ్చి, బరువు సరిపోయాక, అవే పిల్లలు తమంతట తాము ఎదకొస్తాయి.